ఇరవై రెండు పళ్ళు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కార్లు బాగుచేసే షెడ్డు. మెకానిక్, అతని మరదలు.

"ట్రాక్టరు బావా. ట్రాక్టరు."

"ఊ, ట్రాక్టరు. అయితే?"

"నన్ను దాటేసి పోయింది."

"రోడ్డన్నాక ఒకళ్ళనొకళ్ళు దాటుకుంటారు మరదలా. ఆ మాట చెప్పడానికి ఇంత ఎండలో రావాలా?"

"ఇటుకల లోడుతో ఉంది. ఇటుకల మీద ఇద్దరు కూర్చునున్నారు. అందులో ఒకాయన నావైపు చూసి, పాపం, చెయ్యి కూడా ఊపాడు."

"మర్యాదస్తుడు."

"అప్పుడు నా మీటర్లో ముల్లు అరవై మీద ఉంది."

"అయితే ఆ ట్రాక్టరు డెబ్భైలో పోతుండాలి. ఈమధ్య ట్రాక్టర్లు బాగా వస్తున్నాయి."

"ఇటుకలతోనా?"

"కొత్త మోడళ్ళు."

"దాని సైలెన్సరు తాడుతో కట్టుంది బావా."

"ఆ పానా ఇటందుకో. అది కాదు, పక్కది."

"మాట మార్చకు. మూడు వారాల కింద నువ్వు నా కారుకి గేర్‌బాక్సు మార్చావు. అప్పట్నుంచి రోడ్డు మీద ఎవణ్ణి చూసినా నన్ను దాటిపోయేవాడే. స్కూటర్ల మీద ముసలాళ్ళు దాటుతున్నారు. నిన్న సైకిలు దాటింది."

"సైకిలా?"

"దిగుడులో."

"దిగుడులో సైకిలు ఎవర్నైనా దాటుతుంది. అది లెక్కలోకి రాదు."

"మా ఆయన ఒకరోజు పక్కన కూర్చున్నాడు. నీ కార్లో వస్తుంటే రోడ్డు పక్క చెట్లన్నిటినీ పేరుపేరునా పలకరించొచ్చు అన్నాడు. క్లినిక్‌లో నర్సులు నాకు నత్త అని పేరు పెట్టారు. నాలుగేళ్ళు ఒక్కరోజు లేటు లేని మనిషిని బావా నేను."

"పేర్లదేముంది. నన్ను చిన్నప్పుడు బుడంకాయ అనేవాళ్ళు."

"ఇప్పుడూ అంటున్నారు. నీ ముందు అనరంతే. మూడున్నరకి లాబ్ మనిషి నా పక్క సీట్లో కూర్చుంటాడు, గుర్తుందా?"

"ఎందుకూ?"

"ఎందుకో నిన్న సాయంత్రం మీ ఇంట్లోనే చెప్పాను. నువ్వు ఆవలించావు. క్లినిక్‌లో తీసిన రక్తం సీసాలు ముప్ఫై కిలోమీటర్లు తీసుకెళ్ళి నలభై నిమిషాల్లో లాబ్‌లో దించాలి. ఈ మూడు వారాల్లో ఆరుసార్లు ఆలస్యం. మొన్న మూడేళ్ళ పిల్లకి మళ్ళీ సూది గుచ్చారు, నా మూలంగా. సీసాలుండగా అరవై దాటకూడదని వాళ్ళ రూలు. దారంతా అరవైలోనే వచ్చానని లాబ్ మేడమ్‌తో ఒట్టేసి చెప్పాను."

"నమ్మిందా?"

"అయితే నీ మీటరైనా అబద్ధం చెప్తోంది, నువ్వైనా చెప్తున్నావు అంది. మీటరుదే తప్పైతే ఇవాళ మూడున్నరలోపు బాగుచేయించుకో, మా మనిషి ఫోను పట్టుకుని నీ పక్కన కూర్చుంటాడు, నీ ముల్లూ వాడి ఫోనూ ఒకే మాట చెప్తే రూటు నీది, రెండూ రెండు మాటలు చెప్తే రేపట్నుంచి వేరే మనిషి అంది."

"ఊరికే బెదిరిస్తారు అలా."

"మా ఆయన మిల్లు మూతపడి ఎనిమిది నెలలు బావా. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది అంటే ఆ రూటు వల్ల. నాకు బెదిరింపూ నిజమూ రెండూ ఒకటే. నీ ఫోన్లో వేగం చూపించేది ఉందిగా, అది పట్టుకుని రా. ఒక చుట్టు తిరిగొద్దాం."

"ఫోను చచ్చిపోయింది. చార్జింగు లేదు."

"నాది బటన్ల ఫోను, అందులో రాదు."

"అయితే సాయంత్రం తీరిగ్గా చూద్దాం."

"బావా, చచ్చిపోయినది మోగుతోంది."

"ఏదీ?"

"నీ జేబులోది. ఎత్తు, పాపం. పైనుంచి చేస్తున్నారేమో."

"ఆఁ. ఆఁ, ఇక్కడే ఉంది మీ చెల్లెలు. లేదు, ఏం లేదు, ఊరికే వచ్చింది. ఇద్దరికీ కలిపి క్యారియర్ తీసుకురా. ఆఁ. ఇదిగో మరదలా, మీ అక్క అన్నం తెస్తోంది. చూడు, ఇప్పుడు నిజంగానే ఆరిపోయింది."

"నువ్వు నొక్కి ఆర్పావు. నేను చూశాను."

"దానంతటదే."

"సరే, వద్దు నీ ఫోను. నా చేతికి గడియారం ఉంది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళున్నాయి. అరవైలో పోతే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా అరవై సెకన్లు పట్టాలి. ఎక్కు."

"ఎవరు చెప్పారు నీకీ లెక్క?"

"అయిదో క్లాసులో మా లెక్కల మాస్టారు. నువ్వూ అయిదు చదివావుగా?"

"రెండుసార్లు చదివాను."

"అందుకే మర్చిపోయావు. ఎక్కు బావా. బెల్టు పెట్టుకో."

"నీ నడక్కి బెల్టెందుకు?"

"చూశావా, నువ్వూ అన్నావు. పెట్టుకో. ఇదిగో, మెయిన్ రోడ్డు ఎక్కేశాం. ముల్లు ఎంత మీదుంది?"

"అరవై."

"గట్టిగా చెప్పు, మళ్ళీ నేననలేదంటావు."

"అరవై, అరవై. రోడ్డంతా వినాలా?"

"ఈ గడియారం పట్టుకో. రాయి రాగానే చూడు. వస్తోంది, వస్తోంది. ఆఁ, మొదలుపెట్టు."

"ఒకటీ. రెండూ. మూడూ."

"బావా, గడియారం చూసి చెప్పమన్నాను. జోలపాట పాడమనలేదు."

"దీని ముల్లు మరీ సన్నగా ఉంది, ఎండకి మెరుస్తోంది."

"నువ్వు లెక్కపెట్టే ఒక్కో సెకనులో నేనొక జడ వేసుకోవచ్చు. అది డాష్‌బోర్డు మీద పెట్టు. నేనే చూసుకుంటాను."

"రోడ్డు చూడు, రోడ్డు చూడు."

"రోడ్డు చూడకపోయినా ఫర్వాలేదు, ఈ వేగానికి గోడే పక్కకి తప్పుకుంటుంది. అదిగో మళ్ళీ రాయి. ఇక్కణ్ణుంచి మొదలు. మాట్లాడకు."

"మాట్లాడట్లేదు."

"మాట్లాడకు అన్నాను."

"అదే చెప్తున్నాను, మాట్లాడట్లేదని."

"రాయి. ఎంతైంది?"

"అరవై. కొంచెం అటూ ఇటూ."

"ఎనభై రెండు."

"ఆ రాళ్ళు పాతినవాడు తాగున్నాడేమో."

"ఇంకో రాయి చూద్దాం. ఇక్కణ్ణుంచి. ఊ. ఊ. ఇదిగో. ఎనభై రెండు."

"అన్నీ వాడే పాతుంటాడు కదా మరదలా."

"ఇంకోటి. ఎనభై మూడు."

"ఆఁ, చూశావా? ఒకసారి రెండు, ఒకసారి మూడు. ఈ రోడ్డుకే నమ్మకం లేదు."

"కుక్క అడ్డమొస్తే బ్రేకు వేశాను. గంటకి మూడువేల ఆరొందల సెకన్లు. ఎనభై రెండుతో భాగించు."

"నాకు పానాలతో పని. భాగహారాలతో కాదు."

"నలభై నాలుగు. ముల్లు అరవై అంటోంది, బండి నలభై నాలుగులో పోతోంది."

"టైర్లు అరిగుంటాయి."

"కొత్తవి. పోయిన నెల నువ్వే వేశావు."

"అయితే ముల్లుకి వయసు మీద పడింది."

"వయసు మీద పడితే తక్కువ చూపించాలి. ఇది పెళ్ళి సంబంధాలు తెచ్చేవాడిలాగా ఉన్నదానికన్నా ఎక్కువ చెప్తోంది. దిగు, షెడ్డు వచ్చింది. కారు జాకీ మీద ఎక్కించు."

"అన్నం వస్తోంది కదా."

"జాకీ."

"తిన్నాక."

"జాకీ బావా. గేర్‌బాక్సులోంచి మీటరుకి కేబులు పోతుంది. ఆ కేబులు మొదట్లో చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. గేర్‌బాక్సు మారిస్తే ఆ చక్రం కూడా దానికి తగ్గట్టు మార్చాలి. లేకపోతే ముల్లు నోటికొచ్చింది చెప్తుంది."

"అబ్బో. ఇదీ లెక్కల మాస్టారేనా?"

"నువ్వే. ఒక లారీ డ్రైవరుకి చెప్తుంటే విన్నాను. అరగంట చెప్పావు. ఆయన నిద్రపోయాడు. విప్పు."

"విప్పితే ఆయిలు కారుతుంది."

"కింద గిన్నె పెట్టు."

"గిన్నె లేదు."

"నీ కాలి పక్కనుంది. విప్పు."

"ఇదిగో, విప్పాను. తీశాను. చూడు ఎంత ముద్దుగా ఉందో. శుభ్రంగా, నున్నగా. దీనికేం రోగం లేదు. పెట్టేస్తున్నాను."

"ఇటివ్వు. పళ్ళు లెక్కపెడతాను."

"పళ్ళు లెక్కపెట్టడానికి అదేమైనా సంతలో ఎద్దా?"

"సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత పెడుతున్నాను, మళ్ళీ దాన్నే లెక్కపెట్టకుండా. ఒకటి, రెండు, మూడు."

"కంటికి శ్రమ. వదిలెయ్."

"పద్నాలుగు, పదిహేను, పదహారు. గీత వచ్చేసింది. పదహారు. ఇప్పుడున్న గేర్‌బాక్సుకి ఎన్ని పళ్ళది ఉండాలి?"

"ఒక్కో గేర్‌బాక్సుకి ఒక్కోలా ఉంటుంది."

"దీనికి."

"అది చూడాలి."

"బావా, నేను పళ్ళు కొరుకుతున్న చప్పుడు నీకు వినిపిస్తోందా?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండుకి బదులు పదహారు. పళ్ళు తక్కువైతే ఏమవుతుంది?"

"చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. ముల్లు ఎక్కువ లేస్తుంది."

"మా నాయనమ్మలాగా. పళ్ళు ఊడేకొద్దీ గొంతు పెరిగింది. మరి ఇరవై రెండుది ఏదీ?"

"ఈ చుట్టుపక్కల దొరకదు. తెప్పించాలి. వారం పట్టొచ్చు."

"ఆ గోడ మీద మాత్రల డబ్బాలేంటి?"

"పాత సామాను. ముట్టుకోకు, బొద్దింకలుంటాయి."

"ఒకదాని మీద నా కారు నంబరు రాసుంది."

"ఎవరో రాసుంటారు."

"నీ రాత. తొమ్మిదికి తోక ఎడమవైపు తిప్పేది లోకంలో నువ్వొక్కడివే. తెరుస్తున్నాను. బొద్దింకల్లేవు బావా. ఒక చక్రం ఉంది. నూనె రాసి, కాగితంలో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టారెవరో. నేను లెక్కపెట్టాలా, నువ్వు చెప్తావా?"

"ఇరవై రెండే."

"అంటే ముందు సరైనదే పెట్టావు. మొదటి రోజు కారు బాణంలా పోయింది, నాకు గుర్తుంది. మర్నాడు ఏదో నట్టు బిగించాలి, ఒక పది నిమిషాలు తీసుకురా అన్నావు. ఆ పది నిమిషాల్లో ఇది తీసి అది పెట్టావు."

"పొరపాటున."

"నూనె రాసి, కాగితం చుట్టి, నంబరు వేసి మరీ పొరపాటు."

"నన్నెందుకు చంపుతావు? మీ అక్కనడుగు."

"అక్కకేం తెలుసు?"

"అదిగో, క్యారియర్ పట్టుకుని వస్తోంది. అడుగు. నాకు ఆయిలు చేతులు, కడుక్కొస్తాను."

"ఎక్కడికీ కదలకు. అక్కా, ఇలా రా. ఇదేంటో తెలుసా?"

"ఏంటే అది, బొత్తామా? ముందు నన్ను లోపలికి రానివ్వు, చెయ్యి కాలుతోంది. ఏం మొహాలవి ఇద్దరివీ?"

"నా మీటరు చక్రం. దీని సంగతి నిన్నడగమంటున్నాడు బావ."

"చెప్పేశారా? ఏవండీ, చెప్పేశారా? ఒక్క రహస్యం కడుపులో దాచుకోలేని మనిషి. ఆ నోటికి షట్టరన్నదే లేదు."

"అక్కా, అంటే నువ్వా?"

"నేనే. అరుస్తావో తిడతావో నీ ఇష్టం. సీసాలు దించేశాక నువ్వు తొంభైలో పోతున్నావని కూరగాయలావిడ చెప్పింది. పాలవాడు చెప్పాడు. నాకు నిద్ర పట్టేది కాదే చిన్నీ. ఇద్దరు పిల్లల తల్లివి. నెమ్మదిగా పో అని నేను చెప్తే నువ్వు ఎప్పుడు విన్నావు? ఏనాడైనా విన్నావా?"

"విన్లేదు."

"మనుషుల మాట వినవు, కనీసం ముల్లు మాట వింటావని ఈయన్ని అడిగాను. కాస్త ఎక్కువ చూపించేలా చెయ్యండి, అదే భయపడి కాలు తీస్తుంది అని."

"నువ్వు భయపడ్డందుకు నా రూటు పోతోంది అక్కా. మూడున్నరకి."

"అంత పోయేదేముంది? రెండు పళ్ళ తేడానే కదా. అరవై అనుకుని యాభై అయిదులో పోతావు, అంతే అన్నారు ఈయన. యాభై అయిదులో పోతే నలభై నిమిషాల్లో చేరవా?"

"చేరతాను. నవ్వుకుంటూ చేరతాను. ఎన్ని పళ్ళన్నావు?"

"రెండు."

"గట్టిగా చెప్పు."

"రెండే. ఈయనే అన్నారు, రెండు తగ్గిస్తే చాలని."

"ఇరవై రెండులోంచి రెండు తీస్తే?"

"ఇరవై. నన్నేంటి, బళ్ళో కూర్చోబెట్టావా?"

"ఈ డబ్బాలోది ఎడమ చేత్తో పట్టుకో, ఇది ఇరవై రెండుది. ఇప్పుడు ఈ రెండోది లెక్కపెట్టు. మూడు వారాలుగా నా కార్లో ఉన్నది ఇదే. సుద్ద గీత దగ్గర్నుంచి."

"కళ్ళజోడు తెచ్చుకోలేదే."

"బావది పెట్టుకో."

"ఒకటి, రెండు, మూడు. ఇదేంటి, ఇంత మురికి కళ్ళజోడు పెట్టుకుని బళ్ళు బాగుచేస్తున్నారా మీరు? తొమ్మిది, పది. పదిహేను, పదహారు. అయిపోయిందే. పదహారే ఉన్నాయి."

"నీవి రెండు అక్కా. మిగతా నాలుగు ఎవరడిగారు?"

"ఏవండీ?"

"ఇరవైది దొరకలేదే. చేతికి ఏది దొరికితే అది పెట్టాను."

"ఈ పక్క డబ్బా మూత మీద ఇరవై అని రాసుంది బావా. లోపల మూడున్నాయి."

"అవి వేరే వాటివి."

"ఏవండీ, నా మొహం చూసి చెప్పండి."

"పాతికేళ్ళుగా చూస్తూనే ఉన్నాను."

"ఇప్పుడు చూడండి. దాని మొగుడు ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉన్నాడు. ఆ రూటు పోతే పిల్లలకి పాలుండవు. నేను రెండు పళ్ళు అడిగాను, దాని ప్రాణం మీద భయంతో. నాలుగు పళ్ళు మీరెందుకు పీకారు? ఎవరు పీకమన్నారు? చెప్తారా, క్యారియర్ ఇలాగే వెనక్కి తీసుకుపోనా?"

"అన్నం మీద పడతావేంటే?"

"చెప్పండి."

"పెద్దాడి కోసం."

"ఏ పెద్దాడు?"

"మనకెంతమంది పెద్దాళ్ళున్నారు? మన పెద్దాడు. నీ కొడుకు."

"వాడికేమైంది?"

"ఏం కాలేదు, అదే వాడి రోగం. ఇరవై మూడేళ్ళొచ్చాయి. లైసెన్సు చేతికొచ్చి ఆరు నెలలైంది. మంచం దిగడు. నాలుగు ఆఫీసులు తిరిగాడు, నాలుగు చోట్లా రేపు రమ్మన్నారు, అయిదో చోటుకి వెళ్ళడం మానేశాడు. పోయిన నెల ఆ లాబ్ మేడమ్ బ్రేకులు సరిచేయించుకోడానికి ఈ షెడ్డుకే వచ్చింది. మా వాడికి ఏదైనా రూటు ఉంటే ఇప్పించండి అన్నాను. అన్నీ నిండిపోయాయి, ఏదైనా ఖాళీ అయితే చెప్తాను అంది."

"అందుకని ఖాళీ చేశావు."

"ఖాళీ చెయ్యలేదు మరదలా. కొంచెం నెమ్మది చేశాను."

"నెమ్మది."

"ఎలాగూ మీ అక్క చెయ్యమంది. చేసే చేత్తో ఇంకో నాలుగు అనుకున్నాను. ఆలస్యమైతే ఆవిడే మాన్పిస్తుంది, నీకు మా మీద కోపం ఉండదు, మన రాకపోకలు మామూలుగా ఉంటాయి."

"ఎంత ముందుచూపు బావా. నా పొయ్యి ఆర్పి, పండక్కి పిలిస్తే నేను రావాలని కూడా ఆలోచించావు. ఆ బుర్రలో మాత్రం పళ్ళు సరిగ్గానే ఉన్నాయి."

"నువ్వు గట్టిదానివి. ఎలాగోలా ఇంకోటి వెతుక్కుంటావు. వాడు అలాంటివాడు కాదు."

"గట్టిదాన్ని కాబట్టి పళ్ళూడగొట్టావు. విన్నావా అక్కా? విను, మీ ఆయన మెచ్చుకుంటున్నాడు నన్ను."

"ఏవండీ, నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఆవిడ నిజంగా ఇస్తానందా?"

"రేపు పొద్దున తొమ్మిదికి వాణ్ణి తీసుకురమ్మంది. ఇవాళ్టి సంగతి తేలాక."

"వాడికి తెలుసా?"

"చిన్నిదని తెలీదు. రూటు ఒకటి వస్తుందని తెలుసు. నిన్న చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు."

"ఇస్త్రీనా? వాడా?"

"వాడే. నీలం చొక్కా. గెడ్డం కూడా గీసుకున్నాడు."

"సరే బావా, ఆ కబుర్లు తర్వాత. రెండుంబావు అయింది. చక్రం బిగించడానికి ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. ఆయిలు పొయ్యడానికి ఇంకో అయిదు."

"బిగించు. మూడింటికి బయల్దేరితే క్లినిక్‌కి అందుకుంటాను. ఆ లాబ్ మనిషి చూస్తుండగా ముల్లు అరవైకి, ఫోను అరవైకి. తర్వాత నీ సంగతి చూస్తాను. అక్కా, ఇరవై రెండుది ఇటివ్వు. నీ ఎడమ చేతిలో ఉంది."

"నీలం చొక్కా నేనే కొన్నాను. ఏడాదైంది. మడత విప్పలేదు వాడు."

"అక్కా, చక్రం."

"గెడ్డం గీసుకుంటే ఎలా ఉన్నాడండీ?"

"అక్కా."

"ముందు అన్నం తిను చిన్నీ, చల్లారిపోతుంది. చక్రం ఎక్కడికి పోతుందే, రేపు బిగించుకోవచ్చు."